మైదానం గుమ్మంలో నిలబడేదెవరు?

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు జాతి పెద్దల విగ్రహాలను బారుగా నిలబెట్టింది. మొత్తం 33. శాలివాహనుడు, రుద్రమదేవి, కృష్ణదేవరాయలు, తానీషా ఉన్నారు. కవిత్రయం ముగ్గురూ ఉన్నారు. నాటకానికి బళ్ళారి రాఘవ, కూచిపూడికి సిద్ధేంద్ర యోగి, పదానికి క్షేత్రయ్య, ఆనకట్టలకు కాటన్ దొర. అంతకు మూడేళ్ళ కిందటే పోయిన శ్రీశ్రీకీ చోటు దక్కింది. ఆ బారులో ఆటగాడు మాత్రం ఒక్కడూ లేడు. అప్పటికి కోడి రామమూర్తి నాయుడు కన్నుమూసి 44 ఏళ్ళు, ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం పోయి 23 ఏళ్ళు, సి.కె. నాయుడు పోయి 19 ఏళ్ళు. మనుషులకు కొదవ లేదు. ఆటను సంస్కృతి లెక్కలో వేసుకునే బుద్ధే మనకింకా పుట్టలేదు.

నిజానికి పరాక్రమం జరిగిన చోటే మనిషిని రాతిలో నిలపడం మనకు పాత విద్యే. ఊరి ఆలమందలను తోలుకుపోయే దొంగలకు అడ్డం నిలిచి చచ్చినవాడికి, పోరులో కూలినవాడికి ఊరి పొలిమేరలో వీరగల్లు వేసేవారు. చేతిలో విల్లో కత్తో, కాళ్ళ దగ్గర ఆవులో, పైన స్వర్గమో చెక్కి, అక్కడే దీపం పెట్టేవారు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఏకంగా గుడే కట్టారు. ఏటా కార్తికంలో ఉత్సవం చేస్తారు. అటు గ్రీకుల ఒలింపియాలోనూ గెలిచినవాళ్ళ కంచు బొమ్మలు ఉండేవి. మూడుసార్లు గెలిచినవాడికే అచ్చం వాడి పోలికలతో బొమ్మ చేసే వీలుండేదని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. ఇటూ అటూ కూడా బొమ్మ వెలిసింది పని జరిగిన చోటే.

స్టేడియం బయట సొంత జట్టు ఆటగాడి విగ్రహం పెట్టడం ఊపందుకున్నది మాత్రం ఈమధ్యనే, గత 30, 40 ఏళ్ళలో. మంచు హాకీ దీనికి మంచి ఉదాహరణ. కెనడాలోని ఎడ్మంటన్ జట్టు తన వేన్ గ్రెట్జ్‌కీని 1988లో అమెరికా జట్టుకు వదులుకుంది. ఊరంతా గొల్లుమంది. మరుసటి ఏడాదే కప్పును తలమీదికి ఎత్తి పట్టుకున్న అతని కంచు విగ్రహాన్ని పాత స్టేడియం ముందు నిలిపారు. 2016లో జట్టు కొత్త స్టేడియానికి మారితే విగ్రహమూ వెంట వెళ్ళింది. మాంట్రియల్ తన పాత వీరులను నలుగురిని వరసగా నిలబెట్టుకుంది. బోస్టన్‌లో బాబీ ఓర్, 1970 నాటి గెలుపు గోలు కొట్టి గాల్లోకి ఎగిరిన భంగిమలోనే 2010లో కంచుగా మారాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు మాట్ బస్బీకి 1996లో, లివర్‌పూల్ వాళ్ళు బిల్ షాంక్లీకి 1997లో విగ్రహాలు పెట్టారు. వీళ్ళిద్దరూ గురువులుగా పేరు మోసినవాళ్ళన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. హైదరాబాద్ కథలో అది మళ్ళీ వస్తుంది.

ఇన్నిచోట్లా వెనక ఒక జట్టు ఉంది. తరాల తరబడి అదే పేరు, అదే ఊరు, అదే రంగు చొక్కా. విగ్రహాన్ని కడిగేవాళ్ళు, జయంతికి దండ వేసేవాళ్ళు, పిల్లలకు కథ చెప్పేవాళ్ళు ఆ జట్టు అభిమానులే.

మన దేశంలో హాకీకి ఆ లాంఛనం కొంత దక్కింది. ధ్యాన్‌చంద్ పేరును 2002లో ఢిల్లీ నేషనల్ స్టేడియానికి పెట్టారు. అక్కడ ఆయన విగ్రహమూ ఉంది. సొంతూరు ఝాన్సీలో గుట్ట మీద నిలబెట్టారు. లక్నో స్టేడియానికి కె.డి. సింగ్ బాబు పేరుంది. క్రికెట్ డబ్బులో మునిగిన దేశంలో హాకీవాళ్ళకు పేరైనా మిగిలింది.

తెలుగునాట ఆ పేరు కూడా ఎక్కువగా నాయకులకే పోయింది. చరిత్రంతా మన స్టేడియాల బోర్డుల మీదే చదువుకోవచ్చు. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం అయింది. విజయవాడలో ఇందిరాగాంధీ, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి, హనుమకొండలో నెహ్రూ, యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి, ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ, కొంతకాలం విశాఖలో రాజశేఖరరెడ్డి. గచ్చిబౌలి అథ్లెటిక్ స్టేడియానికి 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. వీళ్ళెవరి గొప్పతనాన్నీ తక్కువ చేయక్కర్లేదు. కానీ ఇందరిలో ఒక్కరైనా ఆ మైదానంలో చెమటోడ్చినవారు కారు.

ఈ బోర్డుల మధ్య నాకు నచ్చే ఊరు శ్రీకాకుళం. అక్కడి స్టేడియం కోడి రామమూర్తిది. 1880ల్లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్చి, నేర్పి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగిన మల్లుడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. కదలబోతున్న మోటారు కార్లను గొలుసులు పట్టి ఆపాడు. జనం కలియుగ భీముడన్నారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. సముద్రపు గాలికి వెళ్ళినవాళ్ళలో ఆ కండలెవరివని ఆగి చూసేవాళ్ళు ఎందరో తెలియదు గానీ, ఆధునిక కాలంలో తెలుగువాళ్ళు బాహుబలానికి కట్టిన గౌరవం అది.

ఇక అసలైన కేసు సి.కె. నాయుడుది. కొఠారి కనకయ్య నాయుడు. మచిలీపట్నం మూలాలున్న కుటుంబం. తాతల కాలానికే నాగపూర్‌లో స్థిరపడింది. 1895 అక్టోబర్ 31న ఆయన పుట్టిందీ అక్కడే. 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలు తిరక్కుండా 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు. దొరల బౌలింగ్‌ను ఒక నల్లవాడు అలా చీల్చి చెండాడడం చూడ్డానికి జనం చెట్లెక్కారు. భారత్‌కు టెస్టు హోదా దక్కడంలో ఆ ఇన్నింగ్స్ పాత్ర పెద్దది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో దేశం తొలి టెస్టుకు దిగినప్పుడు నాయకుడు ఆయనే. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశాడు. హోల్కర్ మహారాజు పిలుపు మీద ఇండోర్ చేరి, సైన్యంలో కల్నల్ హోదా పొంది, ఆ జట్టును దేశంలోనే మేటిగా నిలిపాడు. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు, 58 ఏళ్ళ వయసులో ఆంధ్ర తరఫున ఆడాడు. కొత్త రాష్ట్రం, కొత్త జట్టు, ముందు నడిచే పెద్దాయన. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశాడు.

ఇవాళ ఆయన విగ్రహాలు మూడు క్రికెట్ స్టేడియాల్లో ఉన్నాయి: పుట్టిన నాగపూర్‌లో, ఆడిన ఇండోర్ హోల్కర్ స్టేడియంలో, మూలాలున్న ఆంధ్రకు గుర్తుగా విశాఖ పీఎం పాలెంలో. విశాఖ స్టేడియం తెరుచుకున్నది 2003లో. అంటే ఆయన అక్కడ ఒక్క బంతి కూడా ఆడలేదు. 2005 ఏప్రిల్‌లో అదే మైదానంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టి దేశానికి పరిచయమయ్యాడు. అయినా ఆ ఆవరణలో నాయుడు నిలబడడం నాకు సబబుగానే తోస్తుంది. జట్టు పుట్టుకతో ఆయనకు పేగు సంబంధం ఉంది. తమాషా ఏమిటంటే, 1936 ఇంగ్లండ్ పర్యటనలో నాయుడిని తోసి నాయకత్వం దక్కించుకున్న విజ్జీకి, అంటే విజయనగరం మహారాజకుమార్‌కు, విజయనగరంలో స్టేడియమే ఉంది. బ్యాటు పట్టడంలో ఇద్దరికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

ఈ కథలో కోర్టు పాత్ర కూడా ఒకటుంది. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు, రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలను ఆదేశించింది. మన కూడళ్ళను చూస్తే ఆ ఆదేశం ఎంత అమలైందో వేరే చెప్పనక్కర్లేదు. ఆటగాళ్ళ విషయంలో మాత్రం అది మేలే చేస్తుంది: వాళ్ళ చోటు స్టేడియం ప్రహరీ లోపల. అక్కడ ట్రాఫిక్‌కు అడ్డం రారు, చూడ్డానికి వచ్చేవాడు ఆట కోసమే వస్తాడు. 2023 నవంబర్ 1న ముంబయి వాంఖడేలో సచిన్ విగ్రహం ఆవిష్కరించారు. పోలికలు స్టీవ్ స్మిత్‌వని జనం నవ్వుకున్నారు. శిల్పి కష్టాన్ని తీసిపారేయలేం గానీ, ప్లినీ చెప్పిన 'అచ్చం పోలిక' ఎంత కష్టమో అక్కడ తేలింది. తెనాలి, కొత్తపేట శిల్పశాలలున్న మనకు ఆ చిక్కు తక్కువ. ఫొటో చూసి మనిషిని దింపేవాళ్ళు అక్కడున్నారు.

ఉప్పల్ కథ వేరు. అక్కడ గౌరవం విగ్రహాల రూపంలో కాక స్టాండ్ల పేర్లుగా వచ్చింది. ఉత్తర స్టాండుకు వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరుండేది. 2019 డిసెంబర్‌లో అదే చోట అజహరుద్దీన్ పేరు వెలిసింది. అప్పుడు హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడు అజహరుద్దీనే. 2025 ఏప్రిల్‌లో సంఘం అంబుడ్స్‌మన్ ఆ పేరు తీసేయమన్నారు. హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. 99 టెస్టులు ఆడిన బ్యాటర్‌కు స్టాండు దక్కడంలో తప్పేమీ లేదు. తన పేరు తాను ఉన్న పాలనలోనే ఎక్కడంతోనే పేచీ వచ్చింది. గౌరవాన్ని ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకడే అయితే గోడ మీద పేరుకు కూడా కోర్టు తోడు కావాల్సి వస్తుంది. ఇదే సమయానికి విశాఖ ఒక మంచి పని చేసింది. 2025 అక్టోబర్ 12న మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్‌కు ముందు ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు ఆంధ్ర వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టింది. సికింద్రాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీకి ముందుగా స్టాండు ఇచ్చింది విశాఖ అని హైదరాబాదీలు కాస్త సిగ్గుపడితే మంచిదే.

ఇప్పుడు గచ్చిబౌలి. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు సైబరాబాద్ పక్కన లేచిన క్రీడా సముదాయం. ఆ ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత పురుషుల హాకీ జట్టు పాకిస్తాన్‌ను ఓడించి బంగారం గెలిచింది. మహిళలూ బంగారమే తెచ్చారు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్ మొత్తం గచ్చిబౌలి హాకీ స్టేడియంలోనే ఆడారు. గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్. 2008 తర్వాత లీగే లేదు, సుల్తాన్సూ లేరు. ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, బాలయోగి స్టేడియం సొంతిల్లయింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వచ్చి 4-3తో బెంగాల్ చేతిలో ఓడింది. ఆ మ్యాచ్ జరిగింది రూర్కెలాలో. ఊరి పేరు మనది, గడ్డి వాళ్ళది.

ఇలాంటి జట్ల గుమ్మంలో ఎవరిని నిలబెడతాం? ఎడ్మంటన్‌లో ఆటగాడు వెళ్ళిపోయినా జట్టు మిగిలింది కాబట్టి విగ్రహం లేచింది. మన దగ్గర జట్టే సామాను సర్దుకుంటోంది. ఇక్కడ విగ్రహాన్ని నిలిపే పూచీ ఆటల సంఘాలది, క్రీడా ప్రాధికార సంస్థది, చివరికి ఊరిది.

పేరు వెతుక్కోనక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. బడిపంతులు, 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన గురుత్వంలోనే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారాలు తెచ్చుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా నుంచి ఆ బంగారం తెచ్చేనాటికే ఊపిరితిత్తుల కాన్సర్ ఆయన్ను తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు. 2024లో ఆయన కథతో అజయ్ దేవ్‌గణ్ నటించిన సినిమా వచ్చేదాకా ఈ నగరంలో ఎందరికి ఆయన పేరు గుర్తుంది? సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళి ఒలింపిక్స్ ఆడిన ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం 2023లో కలకత్తా వైపే కన్నుమూశారు.

హాకీకి వస్తే ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు; ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని భారత జట్టు గోలు కాచింది. బతికున్నవాళ్ళకు విగ్రహాలు పెట్టడం నాకు రుచించదు, వాళ్ళను పిల్లల ముందుకు పిలిపించి మాట్లాడించడం మేలు. గచ్చిబౌలి హాకీ మైదానం గోడ మీద 2003లో బంగారం గెలిచిన రెండు జట్ల ఆటగాళ్ళ పేర్లు, 2005 సుల్తాన్స్ పేర్లు చెక్కిస్తే చాలు. ఖర్చు ఒక బోర్డంత.

విగ్రహం మాత్రం ఒకటి పెట్టి తీరాలి. లాల్ బహదూర్ స్టేడియం గేటు దగ్గర రహీం సాబ్‌ది. కంచుతో, నిజమైన మనిషి ఎత్తులో, కింద ఫలకం మీద సిటీ పోలీస్ జట్టు పేర్లతో. ప్రభుత్వం కదలకపోతే పాత ఆటగాళ్ళు, ఫుట్‌బాల్ సంఘం, పోలీసు శాఖ కలిసి చందా పుస్తకం తెరవాలి. మొదటి పేజీలో మన పేర్లు రాయించుకుందాం.