ఆడకూలి, మగకూలి

చిలకలూరిపేట చుట్టుప్రక్కల నల్లరేగడిలో ప్రత్తి విచ్చు దినములయందును, మిరప పండు దినములయందును, వేకువనే చేలకు కదలు కూలిజట్టులలో స్త్రీలే అధికముగా కానవత్తురు. దుక్కి మగవానిది, కలుపుతీత, ప్రత్తియేరుట, కాయకోత, కల్లములో తాలు వేరుచేయుట ఆడువారివి. ఈ విభజనతోపాటు ఆడకూలి, మగకూలి అను రెండు ధరలు నిలిచి, స్త్రీస్వభావమును గూర్చి తత్త్వవేత్తలు సాగించిన వాదమునకు మన పొలముగట్టున ఒక తీర్పు స్థిరపడినది: బలము తక్కువ గనుక కూలి తక్కువ.

ఆ ‘స్వభావము’ను గట్టిగా నిలదీసిన తొలి తెలుగువారిలో బండారు అచ్చమాంబ (1874–1905) అగ్రగణ్య. బడి ముఖమెరుగక, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుచుండగా తానును నేర్చిన ఆమె, స్త్రీలు బుద్ధిహీనలనువారికి సిద్ధాంతమును గాక జీవితములను చూపి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను సంతరించెను. పరతంత్రతలో పెరిగినదానిని చూచి స్త్రీస్వభావమిదియని నిర్ణయింపరాదని 1869లో జాన్ స్టూవర్ట్ మిల్ వాదింపగా, అచ్చమాంబ మరియొక అడుగు ముందుకు వేసి, ఆ బంధనములలోనే ఇంత సాధించినవారిని చూడుడనెను. అబల యను మాటను తలదాల్చిన గ్రంథమే ఆ మాటను ఖండించుట నాకిప్పటికిని విస్మయము గొలుపును.

అటుపిమ్మట 1922లో ఉన్నవ దంపతులు గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి స్త్రీకి చదువు నీయ బూనిరి. బాపట్లనుండి కనుపర్తి వరలక్ష్మమ్మ, ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ వ్రాసి, సభలలో నలిగిన ప్రశ్నలను నెచ్చెలితో చెప్పుకొను మాటల వలె ఇంటి లోపలికి చేర్చెను. ఈ ప్రయత్నములయందు నాకు అపారమైన గౌరవము కలదు. కాని లేఖ చదువరిని కోరును, అక్షరమెరుగని కూలిస్త్రీ దానికి అందదు. సంపాదన స్త్రీని విముక్తురాలిని చేయునను ఆశయు ఈ నేలపై తడబడినది, ఏలయన, పేట పరిసరముల స్త్రీ సంపాదింపక కూర్చున్న కాలమే లేదు.

1976లో సమాన వేతన చట్టము వచ్చినది. ఒకే పనికి, లేక ఒకే విధమైన పనికి, ఒకే వేతనమని అది శాసించెను. అయితే దుక్కిని, కాయకోతను ఏ త్రాసులో తూచి ఒకటియనవలెను? దినమంతయు వంగి మిరపకాయలు కోసిన తల్లి, సాయంకాలము ఇల్లు చేరి, చేతుల మంట చల్లారువరకు పసిబిడ్డను ఎత్తుకొనదు.