రాజమార్గం, నేరేడు నీడ

2022 సెప్టెంబర్ 8న ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలో కర్తవ్యపథ్‌ను ప్రారంభించారు. బానిసత్వానికి గుర్తుగా నిలిచిన రాజ్‌పథ్ ఇక చరిత్రలో కలిసిపోయిందని ఆనాడు ప్రకటించారు. కింగ్స్‌వే అన్న ఆంగ్ల నామానికి రాజ్‌పథ్ దాదాపు అనువాదమే కనుక ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఒక దారి స్వభావం దాని పేరులో ఉంటుందా, దానిపై నడవగలిగే వారిలో ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే శతాబ్దం వెనక్కి వెళ్లాలి.

1911 డిసెంబర్ 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి తరలిస్తున్నట్లు ప్రకటించాడు. కొత్త నగరం కోసం రైసీనా, మాల్చా వంటి గ్రామాల భూములను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. మాల్చా వాసుల వారసులు కొందరు తమ పూర్వీకులకు పరిహారం అందలేదంటూ శతాబ్దం తరువాత కూడా కోర్టు మెట్లెక్కారు. 2015 అక్టోబర్ 22న అమరావతి శంకుస్థాపనకు ప్రధాని పార్లమెంటు ప్రాంగణపు మట్టిని, యమునా జలాన్ని తెచ్చారు. దాదాపు 33 వేల ఎకరాలు ఇచ్చిన మన రైతులు తరువాతి ఏళ్లలో పడిన వేదన తెలిసినవారికి, ఆ మట్టిలో ఏ చరిత్ర ఇమిడి ఉందో వేరే చెప్పనక్కరలేదు. రాజధానులు ఎప్పుడూ ఎవరి పొలంలోనో మొలకెత్తుతాయి.

ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ రూపొందించిన ప్రణాళికలో ఈ దారి సామ్రాజ్య వైభవానికి వేదిక. రైసీనా గుట్టపై వైస్రాయి భవనం, రెండో కొసన యుద్ధ స్మారకం. గుట్టకు చేరే దారి వాలు కారణంగా కింద నుంచి వచ్చేవారికి ఒక చోట భవనమే కనుమరుగవుతుంది. దీనిపై ఇద్దరు వాస్తుశిల్పులకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. స్మారకానికి 1921లో పునాది వేసి, 1931లో ఆవిష్కరించారు. బ్రిటన్ పక్షాన పోరాడి మరణించిన 70 వేల మందికి పైగా భారత సైనికులకు గుర్తుగా నిలిచిన ఆ ఇండియా గేట్ గోడలపై 13 వేలకు పైగా పేర్లున్నాయి. దాని వెనుక మండపంలో 1936 నుంచి నిలిచిన జార్జి విగ్రహాన్ని 1968లో తొలగించారు. ఇప్పుడు అక్కడ నేతాజీ ఉన్నారు.

అయితే ఈ మార్గానికి ప్రాణం పోసింది రాయి కాదు, చెట్టు. ఉద్యాన నిపుణుడు డబ్ల్యూ.ఆర్. మస్టో పర్యవేక్షణలో కొత్త ఢిల్లీ వీధులకు చెట్లు ఎంపిక చేశారు. మండుటెండలో మోడువారే జాతులను వీలైనంత దూరం పెట్టారు. ఒక వీధికి చింత, మరో వీధికి వేప, ఇంకో దానికి తెల్లమద్ది. రాజమార్గానికి దక్కింది నేరేడు. వానలు మొదలయ్యేసరికి ఆ పండ్ల హక్కును పురపాలక మండలి వేలం వేస్తుంది. పేద కుటుంబాలు కొమ్మలెక్కి కాయలు దులిపి, దారి పక్కనే అమ్ముకుంటాయి. చక్రవర్తి ఊరేగింపు కోసం నాటిన చెట్టు చివరకు కూలివాడి బుట్ట నింపింది.

ఇలాంటి మార్గమే బెర్లిన్‌లో ఉంది. ఉంటర్ డెన్ లిండెన్ అంటే లిండెన్ చెట్ల కింద అని అర్థం. 1647లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ విల్హెల్మ్ తన ప్రాసాదం నుంచి వేటతోట వరకు ఆ చెట్లు నాటించాడు. 1933 మే 10న ఆ దారి పక్కనున్న మైదానంలోనే నాజీలు పుస్తకాలు తగలబెట్టారు. 1930ల మధ్యలో భూగర్భ రైలు కోసం పాత చెట్లను నరికి, దారి పొడవునా జెండాల స్తంభాలు నిలిపారు. 1961లో గోడ లేచాక బ్రాండెన్‌బర్గ్ ద్వారం మూతపడింది, రాచబాట కాస్తా దారి లేని సందుగా మిగిలింది. 1989 డిసెంబర్‌లో జనమే ఆ ద్వారం గుండా మళ్లీ నడిచారు. పాలకుల అధికారం ఎక్కడిదాకానో, ప్రజల ఓపిక ఎక్కడిదాకానో ఒక వీధి చెప్పగలదు.

ఢిల్లీ మార్గమూ అలాంటి రోజు ఒకటి చూసింది. 1955 నుంచి గణతంత్ర కవాతుకు ఇదే శాశ్వత వేదిక. కానీ 1988 అక్టోబర్ చివరి వారంలో మహేంద్ర సింగ్ టికాయత్ వెంట లక్షలాది రైతులు ఇక్కడి బోట్‌క్లబ్ పచ్చికపై తిష్ఠ వేశారు. చెరకు ధర, కరెంటు బకాయిలు వారి డిమాండ్లు. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, హుక్కాలు, పొయ్యిలు అధికార పీఠానికి ఎదురుగా నిలిచాయి. ఇందిరాగాంధీ వర్ధంతి సభను పాలకపక్షమే మరోచోటికి మార్చుకోవలసి వచ్చింది. తొంభైల ఆరంభానికి బోట్‌క్లబ్‌లో నిరసనలకు తెరపడింది, జనాన్ని జంతర్‌మంతర్ సందుకు నెట్టారు. 2012 డిసెంబర్‌లో నిర్భయ కోసం విజయ్‌చౌక్‌కు చేరిన యువతకు చలిలో నీటిఫిరంగులు ఎదురయ్యాయి. బోట్‌క్లబ్, జంతర్‌మంతర్‌లలో నిరసనలను పూర్తిగా నిషేధించడం చెల్లదని 2018 జులై 23న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. నిబంధనలు పెట్టవచ్చు కానీ గొంతు నొక్కరాదన్నది దాని సారం.

రాజు పేరు తొలగించడం తేలిక, బోర్డు మారిస్తే చాలు. రాజు భయాన్ని తొలగించడమే కష్టం. జనం గుంపుగా వస్తే ప్రమాదమన్న భయం కింగ్స్‌వే నాటిది. అది రాజ్‌పథ్‌కూ సంక్రమించింది. కర్తవ్యపథ్ దాన్ని వదిలించుకుందా? సాయంకాలం కుటుంబాలు విహరించే పచ్చిక మీద, ఒక వినతిపత్రం పట్టుకుని వెయ్యిమంది కూర్చోగలిగిన నాడే ఆ మాట అనగలం. పౌరుడికి కర్తవ్యం గుర్తుచేసే మార్గం, పాలకుడికీ దాన్ని గుర్తుచేసే వీలు పౌరుడికి ఇవ్వాలి. ఆ వీలు లేనంతవరకు మూడు పేర్లూ ఒక్కటే.