ఒంటెల మీద పోయిన బంగారం

1310 మార్చిలో ఓరుగల్లు నుంచి ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఢిల్లీకి తిరుగుముఖం పట్టినప్పుడు దాని వెంట వెయ్యి ఒంటెలు నడిచాయి. వాటి వీపుల మీద ఉన్నది కాకతీయుల బొక్కసం. ఆ బరువుకు ఒంటెలు మూలిగాయని రాశాడు అమీర్ ఖుస్రో. కవి కదా, కొంత పెంచే ఉంటాడు. అందులో సగమే నిజమనుకున్నా ఒక రాజ్యం ఖజానా ఊడ్చుకుపోవడానికి చాలు.

ఈ ఒంటెల సంగతి ఓరుగల్లు దగ్గరి హసన్‌పర్తి చుట్టుపక్కల మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగే దోస్తులకు ఎవరూ చెప్పినట్టు లేదు. రాజ్యం పోయేటప్పుడు కాకతీయులు బంగారమంతా బిందెల్లో పోసి, గుట్టల్లో, చెరువు గట్ల కింద, గుళ్ల పునాదుల్లో దాచి పోయారని మా వైపు ఒక గట్టి నమ్మకం. లంకె బిందెల కథ వినకుండా పెరిగిన పిల్లవాడు ఇక్కడ ఉండడు. నేనూ విన్నాను. కథగా అది బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, దాచుకునే తీరిక చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడికి దొరికిందా అని ఎవరూ అడగరు.

దొరకలేదు. ప్రతాపరుద్రుడు 1289లో గద్దెనెక్కేనాటికి కోట గట్టిదే. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతి గోడ, దానికి 45 బురుజులు, దాని చుట్టూ కందకం, ఆ అవతల మట్టి గోడ. 1310 జనవరిలో ఉత్తరం దిక్కు నుంచి వచ్చిన కాఫూర్ సేన ముందుగా హనుమకొండ గుట్ట ఎక్కింది. అక్కడి నుంచి చూస్తే ఓరుగల్లు తోటలు, మేడలు అన్నీ కనిపించాయట. మట్టి గోడ పడింది. రాతి గోడ పడకముందే రాజు సంధికి దిగాడు. మెడలో బంగారు గొలుసు వేసిన తన బంగారు బొమ్మను పంపాడు, తాను లొంగినట్టు గుర్తుగా. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని చరిత్రకారుడు బరనీ లెక్క. పోగుచేసిన నగలూ నాణేలూ సరేసరి. పైగా ఏటేటా కప్పం.

కప్పం ఆగింది. 1318లో ఢిల్లీ నుంచి మళ్లీ సైన్యం వచ్చింది. ఈసారి రాజు కోట గోడ మీదికెక్కి, ఢిల్లీ దిక్కుకు తిరిగి, వంగి దండం పెట్టవలసి వచ్చింది. కింద తన నాయకులు చూస్తున్నారు, ఊరు చూస్తున్నది. ఈ పతనంలో నన్ను కోట కూలడం కన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ దండమే.

తర్వాతి కథలో విధి కాస్త ఆడుకుంది కూడా. 1321లో కొత్త సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. ఢిల్లీ నుంచి ఉత్తరాలు తెచ్చే గుర్రాలు రావడం ఆగిపోయింది. అతని తండ్రి, సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ చచ్చిపోయాడని ఉబైద్ అనే కవి, మరికొందరు పుకారు లేపారు. సైన్యం చెదిరిపోయింది. ఉలుగ్ ఖాన్ దేవగిరికి పారిపోయాడు. ఓరుగల్లులో పండగ చేసుకున్నారు. గండం గడిచిందనుకుని కోటలో దాచిన ధాన్యపు కొట్లు తెరిచారంటారు. 1323లో అతను తిరిగి వచ్చేసరికి కొట్లలో గింజ లేదు. ఈసారి కోట పడింది. నడిమధ్యన ఉన్న స్వయంభూ శివాలయాన్ని కూల్చారు. దాని నాలుగు దిక్కులా నిలిచిన కీర్తి తోరణాలు మాత్రం మిగిలాయి. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ పేరుతో టంకాలు కూడా ముద్రించారు. రాజును బందీగా ఢిల్లీకి నడిపించారు. అతను ఢిల్లీ చేరలేదు.

చేరలేదని మనకెలా తెలుసు? తర్వాతి కాలంలో ఏలిన ముసునూరి ప్రోలయ నాయకుడు కోనసీమలోని విలస గ్రామాన్ని దానమిస్తూ చెక్కించిన రాగిరేకుల వల్ల. ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన కన్నుమూశాడని, ఆ తర్వాత ఆంధ్రదేశం ఎంత అల్లాడిందో కూడా ఆ రేకుల్లోనే ఉంది. అతనికి ముందు ఏలిన రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో నల్గొండ జిల్లా చందుపట్లలోని 1289 నాటి రాతి శాసనం చెప్పింది. రాణి చావును రాయి చెప్పింది, రాజు చావును రాగి చెప్పింది. బంగారం ఏమీ చెప్పలేదు. అది ఒంటెలెక్కి పోయింది.

అయినా వెతుకుతారు. డిటెక్టర్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే ఇంటికి వస్తుంది. నలుగురు దోస్తులు తలా ఇంత వేసుకుంటారు. యాసంగి కోతలై చేన్లు ఖాళీ అయ్యాక, ఎర్రగట్టు గుట్ట వైపో, చెరువు ఎండిన జాగలోనో, పొద్దుగూకే వేళ మొదలవుతుంది.

“అన్నా, ఆగు. కూస్తున్నది.”

“తవ్వు. మెల్లగ.”

“ఏందిరా?”

“బీరు మూత.”

ఆ యంత్రం చేసేదల్లా ఒకటే. చుట్టలోని తీగ అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న కరెంటు పుట్టి తిరిగి సంకేతమిస్తుంది. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్‌లో అది కూత. మామూలు డిటెక్టర్‌కు ఒక నాణెం జానెడు లోతున, మహా అయితే అడుగు లోతున అందుతుంది. ఉంగరానికీ, అల్యూమినియం ముక్కకూ దాని కూత దాదాపు ఒకటే. ముప్పై అడుగుల కింది బంగారాన్ని చూపిస్తానని లక్షలు గుంజే స్కానర్ల మాట వట్టి మోసం. ఆ స్కానర్ అమ్మేవాడికీ అంజనం వేసేవాడికీ నాకు తేడా కనబడదు. ఒకడి చేతిలో బ్యాటరీ ఉంటుంది, అంతే.

దొరికేవేమిటి? ఎద్దు నాడాలు, మేకులు, గొళ్లేలు. అదృష్టం బాగుంటే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం. ఆ నాణెం దొరికిన రోజు వాళ్ల ముఖాలు చూడాలి. అంతటితో ఆగితే దాన్ని పిచ్చి సరదా అని వదిలేయొచ్చు. కాని నిజాం నాణెం ఆకలి తీర్చదు, పెంచుతుంది. చేను నుంచి గుట్టకు, గుట్ట నుంచి పాడుబడిన గుడికి పోతారు. ప్రతిష్ఠ చేసేటప్పుడు పీఠం కింద పంచలోహాలో నవరత్నాలో చిటికెడు వేస్తారన్న మాట ఎవరో చెవిలో ఊదుతారు. అమావాస్య చూసుకుంటారు. ముగ్గు, నిమ్మకాయలు, కోడి. ఆ మీదట గడ్డపార. పెకలించిన శివలింగం, ముక్కలైన నంది, గర్భగుడిలో గొయ్యి: ఓరుగల్లు ప్రాంతపు పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఇది పాత వార్త. 1323లో పడని గుళ్లు అనేకం ఉన్నాయి. అవి ఇప్పుడు పడుతున్నాయి. అప్పటి సైన్యం కోటను కోరుకుంది, మారుమూల ఊరి గుడి జోలికి పోయే తీరిక దానికి లేదు. ఈ దోస్తులకు మాత్రం తీరికే తీరిక.

వాళ్లను దొంగలని ఒక్క మాటలో తేల్చడం నాకిష్టం లేదు. ఇంగ్లండులో ఇదే పని చేసే మనిషికి 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక పొలంలో 3,500కు పైగా ఆంగ్లో సాక్సన్ కాలపు ముక్కలు దొరికాయి. అధికారులకు చెప్పాడు, విలువ కట్టారు, ముప్పై లక్షల పౌండ్ల పైచిలుకు ఆ పొలం ఆసామికీ అతనికీ చెరి సగం వచ్చింది. మనకూ 1878 నుంచి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువ గలది నేలలో దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. హక్కుదారుడెవరూ తేలకపోతే దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు మరో ఐదో వంతు కలిపి ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఈ చట్టంలో జైలు మాటే ఊళ్లోకి చేరింది, మూడు వంతుల మాట చేరలేదు. అందుకే దొరికింది రాత్రికి రాత్రే కరిగిపోతుంది.

కరగకుండా ఉంటే ఏమవుతుందో గోదావరి ఒడ్డున కోటిలింగాల చూపించింది. ధర్మపురి వైపు ఔత్సాహికులు అక్కడ పోగుచేసిన చిన్న నాణేలు శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి చేతికి వచ్చాయి. ఆయన చదివితే వాటి మీద సిముకుడి పేరు కనిపించింది. పురాణాల్లో, నానేఘాట్ గుహలో పేరు తప్ప ఆనవాలు లేని తొలి శాతవాహనుడు మన నేలలోంచి లేచాడు. ఆ నాణేలను కాటా మీద పెడితే ఏమొస్తుంది? ఎక్కడ దొరికాయో తెలియడమే వాటి విలువంతా.

ప్రతాపరుద్రుడి చావు మీద ఇప్పటికీ ఒక చిక్కుంది. విలస రేకులు నర్మదా తీరాన పోయాడంటాయి. నూరేళ్ల తర్వాత, 1423లో, రాజమహేంద్రవరం రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం మరో మాట కలుపుతుంది: తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని. ఆ కోట గోడ మీది దండం తర్వాత, ఇంకొక దండం పెట్టడం ఇష్టం లేక రాజు తానే ప్రాణం తీసుకున్నాడని చాలామంది దాన్ని అర్థం చేసుకున్నారు. జబ్బుతో పోయాడా, తానే పోయాడా తేల్చాలంటే మూడో సాక్ష్యం కావాలి. అలాంటి రాగిరేకు ఒకటి ఏ చేనులోనైనా ఉంటే డిటెక్టర్ దాని మీద బ్రహ్మాండంగా కూస్తుంది. రాగి కూత బలంగా వస్తుంది. తవ్వితీసినవాళ్లు బంగారం కాదని తిట్టుకుని, అక్షరాల మీది మట్టైనా తుడవకుండా, పాత సామాన్ల దుకాణంలో తూకానికి వేస్తారు. ఇప్పటికే వేసి ఉండవచ్చు.