డీగాస్

పాత ఆర్కేడ్ గేమ్ మిషన్లు బాగుచేసేవాళ్ల నోట తరచూ నలిగే మాట ఇది. మిషన్‌ను జరిపి వేరే దిక్కుకు తిప్పినా, స్పీకర్ అయస్కాంతం తెరకు మరీ దగ్గరైనా తెల్లటి బొమ్మలో ఓ మూల గులాబీ మరకో పచ్చ మరకో పడుతుంది. పిక్చర్ ట్యూబు గాజు వెనకాలే సన్నని చిల్లుల ఉక్కు రేకు ఉంటుంది. దానికి అయస్కాంత గుణం అంటితే ఎలక్ట్రాన్లు దారి తప్పి పక్క రంగును వెలిగిస్తాయి. ఆ గుణాన్ని పోగొట్టడమే డీగాస్ చేయడం.

గాస్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం. జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గాస్ (1777–1855) పేరు మీద వచ్చింది. డీగాస్ అనే మాట మాత్రం ఓడల దగ్గర పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో జర్మనీ సముద్రంలో వేసిన అయస్కాంత మైన్లు ఓడ ఉక్కును పసిగట్టి పేలేవి. ఓడ చుట్టూ తీగలు చుట్టి, కరెంటు పంపి ఆ జాడ తెలియకుండా చేశారు. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన కెనడా రసాయన శాస్త్రవేత్త చార్లెస్ గుడీవ్ ఆ పనికి డీగాసింగ్ అని పేరు పెట్టారు. ప్రాణాలు కాపాడిన మాట ఆటల పెట్టెలోకి రావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

మన ఇళ్లలో పాత కంప్యూటర్ మానిటర్ ఆన్ చేయగానే ధన్‌మన్నదీ ఈ డీగాసే. అది చాలనప్పుడు చేతి కాయిల్ వాడతారు. ఆన్ చేసి తెర ముందు గుండ్రంగా తిప్పుతూ నెమ్మదిగా వెనక్కి నడిచి, నాలుగైదు అడుగులు దూరమయ్యాకే ఆపాలి. దగ్గరే ఆపేస్తే మరక ముదురుతుంది. ఇదంతా అయ్యాకే రంగులు సరిచేసే ట్యూబు మెడ మీది రింగుల జోలికి వెళ్లాలి.