బేగంపేట దోమ, రాస్ లెక్క

1897 ఆగస్టు 20న సికింద్రాబాదు కంటోన్మెంటును ఆనుకుని ఉన్న బేగంపేటలో, ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ దొరికింది. ఏటా ఆ తేదీన ప్రపంచ దోమల దినం జరుపుతున్నారు. ఆ విజయాన్ని కొందరు దాన్ని కనుగొన్న వైద్యుడు రొనాల్డ్ రాస్ పట్టుదల ఖాతాలో వేస్తారు, కొందరు అదృష్టం ఖాతాలో వేస్తారు. జరిగిన క్రమం చూస్తే ఏ ఖాతాలోనూ అది పూర్తిగా ఇమడదు. తాను ఆశించినదే ఆయనను చాలాకాలం తప్పుదారి పట్టించింది, ఆశించనిదే దారిలో పెట్టింది. అయితే ఆ ఆశ లేకపోతే ఆయన దోమ కడుపు కోసి చూసేవాడే కాదు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. కవిత్వం, చిత్రలేఖనం ఇష్టం. సైన్యంలో పెద్ద హోదా ఉన్న తండ్రి మాటకు తలవంచి వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మలేరియా రోగి రక్తంలో ఉండే క్రిమిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో చూశాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు చూపించేదాకా రాస్‌కు దాని మీద నమ్మకం కుదరలేదు.

మాన్సన్ ఆలోచన ముచ్చటైనది. ఒంట్లోంచి తీసిన రక్తంలో కొద్ది నిమిషాలకు క్రిమి నుంచి సన్నని తోకల్లాంటి పోగులు బయటికొస్తాయి. ఒంట్లో రానివి బయట వస్తున్నాయంటే వాటి పని బయటే ఉండాలి, రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది దోమ. తర్కం ఇంతవరకు సరిగ్గా ఉంది. ఆపైన ఆయన ఇంకో మెట్టు ఊహించాడు: దోమ గుడ్లు పెట్టి నీళ్లలో చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది. ఈ మెట్టు దగ్గరే దారి తప్పింది.

1895లో సికింద్రాబాదు చేరిన రాస్, దోమలు చచ్చిన నీళ్లను లక్ష్మణ్ అనే యువకుడి చేత తాగించాడు. కొన్నాళ్లకు అతనికి జ్వరం వచ్చింది. ప్రయోగం ఫలించిందనిపించింది కానీ అతని రక్తంలో క్రిమి లేదు. తర్వాత తాగినవాళ్లలోనూ ఫలితం నిలవలేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ప్రమాదకరమైన యాదృచ్ఛికం ఇదే. ఎదురుచూస్తున్న జవాబు వేషంలో వచ్చింది కాబట్టి, దాన్ని అనుమానించడం కష్టం.

అదే ఏడు సెప్టెంబరులో కలరా పని మీద రాస్‌ను బెంగళూరు పంపారు. పరిశోధన మూలన పడింది. తర్వాత నీలగిరుల దగ్గర ఆయనకే మలేరియా సోకింది. 1897 వేసవిలో సికింద్రాబాదు తిరిగొచ్చి మళ్లీ దోమలు కోయడం మొదలుపెట్టాడు. అన్నీ బూడిదరంగువో, చారలవో. మనిషి మలేరియా వాటిలో పెరగదు. ఆ సంగతి ఆయనకు తెలిసే వీలు లేదు.

ఆగస్టు ఉక్కపోత. గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా లాగించలేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. ఆ నెల మధ్యలో ఆసుపత్రి మనుషుల్లో ఒకడు ఓ సీసాలో కొత్తరకం దోమ పిల్లల్ని తెచ్చాడు. పెరిగాక చూస్తే గోధుమరంగు ఒళ్లు, మచ్చల రెక్కలు. తెచ్చినవాడి పేరు చరిత్రకు దక్కలేదు. దోమలకు రక్తం ఇచ్చిన రోగి పేరు మాత్రం మిగిలింది, హుసేన్ ఖాన్. కుట్టిన దోమకో అణా అతని కూలి. 16న కుట్టిన దోమల్లో 20 నాటికి మిగిలినవి కొన్నే. వాటిలో ఒకదాని కడుపు గోడలో రాస్‌కు గుండ్రని కణాలు కనబడ్డాయి, లోపల మలేరియా క్రిమిలో ఉండే నల్లని రేణువులే. మర్నాడు చివరి దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి ప్రాణంతో పెరుగుతున్నాయి.

సీసా రావడం అదృష్టమే. కానీ ఆ రేణువుల్ని గుర్తుపట్టడానికి వెనక వేల గంటల చూపు కావాలి. ఆ సీసా ఇంకొకరి బల్ల మీదకు వచ్చి ఉంటే బయట పారబోసేవారు.

కొద్ది వారాల్లోనే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు దాదాపు లేరు. మాన్సన్ పలుకుబడి పుణ్యమా అని 1898లో కలకత్తా చేరితే అక్కడ ప్లేగు గొడవ. సూది చూస్తే జనం పారిపోతున్నారు, రక్తం చుక్క ఇచ్చేవాడు లేడు. గత్యంతరం లేక పక్షుల మలేరియా వైపు మళ్లాడు. ఆ జూలైలోనే క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటుతోనే వ్యాపిస్తుందని రుజువు చేశాడు. మనుషులు దొరికి ఉంటే అంత త్వరగా తేలేదా అన్నది అనుమానమే.

ఇటలీలో బాటిస్టా గ్రాసీ దారి వేరు. జంతుశాస్త్రం తెలిసినవాడు. దోమలుండీ మలేరియా లేని చోట్లను, రెండూ ఉన్న చోట్లను పక్కపక్కన పెట్టి పరిశీలించి అనాఫిలిస్ అనే దోమజాతిని వేలెత్తి చూపాడు. 1898 నవంబరులో ఆయన బృందం మనిషి మలేరియాను దోమకాటుతో నిరూపించింది. రాస్ ఫలితాలు అప్పటికే అచ్చయ్యాయి కాబట్టి గ్రాసీకి ఎంత ఘనత దక్కాలన్న తగాదా చాలాకాలం నడిచింది. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే ఇచ్చారు. నాకు అర్థమైనంతలో, బేగంపేట సీసా రాస్‌కు తెచ్చిపెట్టింది ముందుగా కనుగొన్న పేరు మాత్రమే. అది రాకపోయినా, ఏడాదో రెండేళ్లో ఆలస్యంగా రోమ్‌లో ఆ నిజం బయటపడేది.

రాస్ ఆ తర్వాత యాదృచ్ఛికాన్నే లెక్కల్లోకి దించాడు. ఊళ్లో దోమలు పుట్టే గుంటలు పూడిస్తే బయటి నుంచి ఎన్ని వస్తాయి? దిక్కూదరీ లేకుండా ఎగిరే దోమ పుట్టినచోటి నుంచి ఎంత దూరం పోతుంది? 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ సభలో ఆయన ఈ ప్రశ్నే చర్చించాడు. ఆయన అడగ్గా గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1905లో దాన్ని, దోమ ప్రస్తావన లేకుండా, 'నేచర్' పత్రికలో పాఠకుల ముందు పెట్టాడు. శబ్దతరంగాల మీద పనిచేసిన లార్డ్ రేలీ వెంటనే జవాబు రాశాడు, అలాంటి లెక్క తాను 1880లోనే చేశానని. దాన్ని చూసి పియర్సన్ తేల్చింది ఇది: తప్పతాగి తూలుతూ నడిచేవాడు చివరికి ఎక్కువగా దొరికేది బయల్దేరినచోటి దగ్గర్లోనే. దోమల విషయంలో మునిసిపాలిటీకి ఇది శుభవార్తే. ఊరి చుట్టూ తగినంత మేర గుంటలు పూడిస్తే చాలు, దేశమంతా పూడ్చనక్కర్లేదు.