గోడ పడగొట్టేవాడు: అమెరికన్ గృహ పునర్నిర్మాణ టెలివిజన్‌లో పురుషత్వం

ఇల్లు స్త్రీది, బయటి లోకం పురుషుడిది అన్న విభజన 19వ శతాబ్దపు అమెరికన్ మధ్యతరగతిలో బలపడింది. ఆ ఇంట్లోకి పురుషుడు పనిముట్లతో తిరిగి ప్రవేశించాడు. చరిత్రకారుడు స్టీవెన్ గెల్బర్ 1997 నాటి తన వ్యాసంలో ఈ స్థితిని ‘గృహ పురుషత్వం’ అన్నాడు. మరమ్మతు, వడ్రంగం చేసే పురుషుడు ఇంట్లోనే ఉంటాడు, కానీ స్త్రీ పనిగా ముద్రపడినదాన్ని ముట్టుకోడు. ఈ ఏర్పాటును టెలివిజన్ ఏం చేసిందన్నదే ఇక్కడి ప్రశ్న.

1979లో బోస్టన్‌లోని డబ్ల్యు.జి.బి.హెచ్. కేంద్రం ‘దిస్ ఓల్డ్ హౌస్’ను ప్రారంభించింది. దాని రూపకర్త రసెల్ మొరాష్. 1963లో అదే కేంద్రం నుంచి జూలియా చైల్డ్ వంటల కార్యక్రమం ‘ది ఫ్రెంచ్ షెఫ్’ను నిర్మించినదీ ఆయనే. గరిటె ఒక తెర మీద, రంపం మరో తెర మీద! వ్యాఖ్యాత బాబ్ విలా ప్రశ్నించేవాడు, వడ్రంగి నార్మ్ అబ్రమ్ చేసి చూపేవాడు. అబ్రమ్ ప్రదర్శించిన పురుషత్వంలో ఆర్భాటం లేదు. కొలత, ఓర్పు, పనితనం పట్ల గౌరవం ఉన్నాయి. 1991లో మొదలైన హాస్య ధారావాహిక ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’ ఈ నమూనాను తలకిందులు చేసింది. యంత్రాలకు మరింత శక్తి కావాలని తహతహలాడి అన్నీ పాడుచేసే టిమ్ వ్యాఖ్యాత, పని తెలిసిన అల్ అతని సహాయకుడు. ప్రేక్షకులు నవ్వేది టిమ్‌ను చూసే, అయినా పెత్తనం అతనిదే.

2013లో వచ్చిన ‘ఫిక్సర్ అప్పర్’లో టెక్సస్‌లోని వాకోకు చెందిన చిప్, జోఆనా గెయిన్స్ దంపతులు కనిపిస్తారు. రూపకల్పన ఆమెది, నిర్మాణం అతనిది. చిప్ ఉత్సాహమంతా కూల్చివేత రోజునే. ఈ తరహా కార్యక్రమాల్లో తరచు కూలేది వంటింటికీ హాలుకూ మధ్యనున్న గోడ. కుటుంబమంతా ఒకచోట ఉండవచ్చునన్నది అందుకు చెప్పే కారణం. అయితే గోడ కూల్చడం ఒక్కరోజు పని, కెమెరాకు ఇంపైన పని. వండటం, తుడవటం ఇల్లు అప్పగించి కార్యక్రమం ముగిశాక మొదలవుతాయి. అవి ఎవరి వంతన్న ప్రశ్న ఈ కథన నిర్మాణంలోనే ఇమడదు. అందుకే గోడ పోవడాన్ని లింగవిభజన పోవడంగా చదవడం తొందరపాటని నా అభిప్రాయం. వంట చేసే మనిషి మునుపటికంటే ఎక్కువగా అందరి కళ్లలో పడుతుంది, అంతే.

పురుషుడి చోటు మాత్రం అలా తెరుచుకోలేదు. 2007లో డి.ఐ.వై. నెట్‌వర్క్‌లో మొదలైన ‘మ్యాన్ కేవ్స్’లో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు టోనీ సిరగూసా, నిర్మాణ నిపుణుడు జేసన్ కామెరాన్ ఇంటి యజమానులకు ప్రత్యేక గదులు కట్టి ఇచ్చారు. ఆ గదులకు గోడలున్నాయి, తలుపులూ ఉన్నాయి.