ఎముకల గుల్లబారుతనం: బ్రిటన్ ప్రాథమిక వైద్యంలో నర్సు

ఎముకలు లోలోపల పలచబడి, నిలుచున్నచోట జారిపడ్డా విరిగేంత బలహీనమవడమే ఆస్టియోపోరోసిస్. ఎముక విరిగేదాకా రోగికి సాధారణంగా ఏ నొప్పీ తెలియదు. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ తగ్గడానికీ దీనికీ ఉన్న సంబంధాన్ని 1941లో అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ వివరించాడు. అయినా నడుం వంగడం చాలాకాలం వృద్ధాప్య లక్షణంగానే చెల్లిపోయింది. 1980ల చివర్లో డెక్సా స్కాన్ రావడంతో ఎముక సాంద్రత కొలవడం సులువైంది. ఎముక సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి చెప్పే టీ-స్కోరు -2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే వ్యాధిగా లెక్కించాలని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో ఎముక అరుగుదలను తగ్గించే అలెండ్రొనేట్ మాత్రకు అనుమతి లభించింది.

కొలత వచ్చింది, మందు వచ్చింది. రోగి మాత్రం రెండింటికీ దూరంగానే ఉండిపోయింది. బ్రిటన్‌లో విరిగిన మణికట్టుకు ఆసుపత్రిలో కట్టు కట్టి పంపేవారు. అంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందని అక్కడా అడిగేవారు కాదు, జనరల్ ప్రాక్టీషనర్ (జీపీ) దగ్గరా అడిగేవారు కాదు. కొన్నేళ్లకు అదే మనిషి తుంటి విరిగి మళ్లీ వచ్చేది. మొదటిసారి ఎముక విరగడమే హెచ్చరిక అని తెలిసీ దాన్ని వదిలేయడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టే భాగం.

ఈ ఖాళీని పూరించింది నర్సులే. 1999లో గ్లాస్గోలో మొదలైన ఫ్రాక్చర్ లయజాన్ సర్వీసులో, ఎముక విరిగి వచ్చిన యాభై దాటినవారిని స్పెషలిస్టు నర్సులు వెతికి పట్టుకుని, స్కాన్‌కు పిలిచి, ఏ చికిత్స కావాలో జీపీకి రాసేవారు. ఈ పద్ధతి తర్వాత అనేక దేశాలకు పాకింది. 2008లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫ్రాక్స్ లెక్కతో, రాబోయే పదేళ్లలో ఎముక విరిగే ముప్పును క్లినిక్‌లోనే అంచనా వేయగలిగారు. 2012లో జీపీల చెల్లింపు ప్రమాణాల్లోనూ ఈ వ్యాధి చేరింది.

చికిత్స నిలబడేది మాత్రం జీపీ క్లినిక్‌లో పనిచేసే ప్రాక్టీసు నర్సు గదిలో. అలెండ్రొనేట్‌ను పొద్దున్నే పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంట సేపు పడుకోకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహిక పుండు పడే ప్రమాదముంది. ఇంత కష్టపడినా ఒంట్లో మార్పేమీ కనిపించదు కనుక చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఎందుకు మానేశారో ఓపిగ్గా కనుక్కునేదీ, అవసరమైతే వేరే మందు కోసం డాక్టరుతో మాట్లాడేదీ నర్సే. ఇదే వ్యాధికి వాడే డెనోసుమాబ్ ఇంజెక్షను విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఆరు నెలలకొకసారి పడాల్సిన ఆ మోతాదు బాగా ఆలస్యమైతే ఎముక వేగంగా అరిగి, ఒకేసారి పలు వెన్నుపూసలు విరగవచ్చు. అందుకే నర్సు తర్వాతి తేదీని రిజిస్టరులో రాసుకుని, గడువుకు ముందే రోగికి ఫోన్ చేస్తుంది.